కుర్చీ, తువ్వాల, ఫ్యాను: మా ఆఫీసు నాటకం మూడుసార్లు ఎందుకు మారింది

మా నాటకంలో చాలాసేపు ఆఫీసరు కనబడడు. ఆయన కుర్చీ ఉంటుంది, దాని వీపు మీద తెల్ల టర్కీ తువ్వాల ఉంటుంది, పక్కన స్టాండు ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. 55 నిమిషాల కథ ఈ మూడింటి చుట్టూనే. దీన్ని మొదట నల్లగొండలో, తర్వాత దేవరకొండ వైపు ఒక పల్లెలో, ఆ తర్వాత మహబూబ్‌నగర్‌లో వేశాం. పోస్టర్ మీద మూడుచోట్లా ఒకే పేరు ఉంది కానీ ఆడింది మూడు వేరు వేరు నాటకాలు అనుకోండి. మొదటిది ఫెయిలైంది. చప్పట్లు బాగానే పడ్డాయి, అయినా ఫెయిలే. ఆఫీసుల మీద నాటకం వేస్తాం స్క్రిప్ట్ పంపండన్నా అని పిల్లలు అడుగుతుంటారు, వాళ్లకు స్క్రిప్ట్ కంటే అది ఎక్కడెక్కడ బోల్తా కొట్టిందో చెబితే ఎక్కువ పనికొస్తుందని కూర్చుని రాస్తున్నా.

ముందు కథ చెప్పేస్తా. ఒక ఆఫీసు. పాత సారు బదిలీ మీద వెళ్లిపోయాడు, కొత్త సారు ఇంకా జాయిన్ కాలేదు, ఇన్‌చార్జి ఎవరో ఆర్డరు రాలేదు. మిగిలింది సూపరింటెండెంటు, ఒక జూనియర్ అసిస్టెంటమ్మ, అటెండరు. ఒక అవ్వ వస్తుంది. పెనిమిటి చనిపోయాడు, రెండెకరాల పది గుంటల భూమి ఆమె పేరు మీదికి రావాలి. విరాసత్ ఫైలు, అంటే వారసత్వం ఫైలు, తయారవుతుంది, సంతకం పెట్టే మనిషి లేడు. సూపరింటెండెంటు దాన్ని తీసుకెళ్లి ఖాళీ కుర్చీలో పెడతాడు. తెల్లారి చూస్తే ఫైలు కింద పడి ఉంటుంది. 'కుర్చీ వారు తిరస్కరించినారు' అని నోటు రాస్తారు. ఇంకో ఫైలు పెడతారు, అది పడదు. 'కుర్చీ వారు ఆమోదించినారు.' రెండు వారాల్లో ఆఫీసంతా అలాగే నడుస్తుంది. పడేది పడనిది తేల్చేది ఫ్యాను గాలి. ఫ్యాను రెగ్యులేటర్ ఉండేది అటెండరు చేతిలో. ఇక జనం సూపరింటెండెంటు దగ్గర ఆగడం మానేసి రెగ్యులేటర్ దగ్గర లైన్ కడతారు. చివరికి కొత్త ఆఫీసరు బ్యాగు పట్టుకుని వస్తాడు. కూర్చోబోతే అందరూ అడ్డం పడతారు. మీరు కూర్చుంటే ఫైళ్లెక్కడ పెట్టాలి సార్? జాయినింగ్ రిపోర్టు రాసి కుర్చీలో పెట్టండి, రేపు చూద్దాం. ఆయన కూడా లైన్లో నిలబడతాడు, అవ్వ వెనకాల.

ఆ తర్వాత ఏమవుతుందన్నది మూడుచోట్లా ఒకటి కాదు. దాని సంగతి తర్వాత.

ఎక్కడ దొరికింది

మా నాయన పోయాక విరాసత్ కోసం నేనూ ఒక ఆఫీసు చుట్టూ తిరిగాను. ఏ ఊరిదో అక్కర్లేదు. ఒక మధ్యాహ్నం బల్ల మీద కూర్చుని ఉంటే లోపలి గది తలుపు తెరిచే ఉంది. సారు క్యాంపుకు పోయాడు. అటెండరు వచ్చి కుర్చీ మీది తువ్వాల తీసి దులిపి, అంచులు రెండువైపులా సమానంగా వచ్చేట్టు వేసి, ఒక అడుగు వెనక్కి జరిగి చూసి, కుడివైపు వేలెడంత కిందికి లాగాడు. పెళ్లికొడుక్కి కండువా సర్దినట్టు. కాసేపటికి ఒక క్లర్కు ఫైళ్ల కట్టతో ఆ కుర్చీ ముందు నుంచి పోతూ కొద్దిగా వంగాడు. ఎవరూ లేరు అక్కడ. వంగినట్టు ఆయనకు తెలిసి కూడా ఉండదు, నడుము దానంతటదే వంగింది. నా పని ఆ రోజు కాలేదు కానీ నాటకం దొరికింది.

నిజానికి అప్పటికి నా బుర్రలో వేరే నాటకం ఉంది. 1965లో ప్రాగ్ నగరంలో వాక్లావ్ హావెల్ రాసిన ఆఫీసు నాటకం ప్రదర్శించారు, ఇంగ్లిష్‌లో దాన్ని 'ద మెమొరాండం' అంటారు. ఒక ఆఫీసులో కొత్త భాష ఒకటి తెస్తారు, ఏ మాటా ఇంకో మాటలా ఉండకూడదని లెక్కగట్టి తయారుచేసిన భాష, అందులో వాంబాట్ అనే జంతువు పేరు 319 అక్షరాలు. ఆ ఆఫీసు పెద్దకు ఆ భాషలోనే ఒక కాగితం వస్తుంది, అనువాదం చేయించుకోబోతే అనుమతుల చక్రంలో పడి తిరుగుతుంటాడు. రాసినాయన 1989 డిసెంబర్‌లో ఆ దేశానికే అధ్యక్షుడయ్యాడు, అంటే తను వెక్కిరించిన కుర్చీల్లో పెద్ద కుర్చీలో తనే కూర్చున్నాడన్నమాట, అది వేరే ముచ్చట. దాన్ని తెలుగులోకి దించుదామని కొన్నాళ్లు కొట్టుకుని వదిలేశాను. ఒకటి, హక్కుల వ్యవహారం మా సంఘం శక్తికి మించింది. రెండు, దించుతుంటే నాకే నవ్వొచ్చింది. ఆఫీసుకు అర్థంకాని భాష కనిపెట్టే అవసరం ప్రాగ్‌లో వచ్చిందేమో గానీ నల్లగొండలో ఎందుకు? ఇక్కడ మూడు భాషలు రెడీగా ఉన్నాయి. నిజాం కాలం నుంచి వచ్చిన పహాణీ, సేత్వార్, ఖాస్రా, ఫౌతి, విరాసత్ లాంటి భూమి కాయితాల మాటలు ఒకవైపు, ప్రొసీడింగ్స్, రిమార్క్స్, ఎండార్స్‌మెంట్ ఇంకోవైపు, 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా' అనే తెలుగు మూడోది. తెలుగును అధికార భాష చేస్తూ 1966లోనే చట్టం వచ్చింది, ఆ చట్టం తెచ్చిన తెలుగు ఇదే. మూడూ కలిపి ఒక వాక్యం రాసి అవ్వ ముందు చదివించాం.

'సదరు ఫౌతి విరాసత్ ప్రొసీడింగ్స్ నిమిత్తము రిమార్క్స్ కోరనైనది.'

'గంటే అయినట్టా, కానట్టా బిడ్డా?'

మూడుచోట్లా మారని లైన్ ఇదొక్కటే. ఇందులో కనిపెట్టింది ఏమీ లేదు, అందుకే ఇది మారలేదనుకుంటా.

మొదటి ప్రదర్శన, నల్లగొండ

మాది ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు నాటకాలాడే గుంపు. ఇద్దరు టీచర్లు, ఒక ఆర్టీసీ కండక్టర్, మీసేవ సెంటర్‌లో పనిచేసే తమ్ముడు, డిగ్రీ చదివే అమ్మాయి, నేను. బడి వదిలాక ఒక తరగతి గదిలో రిహార్సల్. నలభై రోజులు చేశాం.

మొదటి స్క్రిప్ట్‌లో కథ చెప్పడానికి పిట్టలదొరను పెట్టాను. తెలంగాణలో పుట్టినవాడికి ఆ ఆలోచన రాకుండా ఎలా ఉంటుంది? ఖాకీ బట్టలు, టోపీ, కట్టె తుపాకి, ఆకాశానికి నిచ్చెనేసే కోతలు. తుపాకి రాముడన్నా లత్కోర్ సాబ్ అన్నా ఆయనే. అధికారం వేషం కట్టుకుని అధికారాన్ని వెక్కిరించేవాడు మన వీధుల్లోనే తిరిగాడు కదా, ఆయన్ను మించిన సూత్రధారి ఎవరు? మా కండక్టర్ అన్న ఆ వేషం కడితే మొదటి రెండు నిమిషాల్లోనే హాలు ఆయన జేబులోకి పోయింది.

అదే ముంచింది. ఆయన మాట్లాడినంతసేపు జనం కడుపుబ్బ నవ్వారు, కుర్చీ ముందు సూపరింటెండెంటు నిలబడగానే సెల్‌ఫోన్లు తీశారు. మళ్లీ దొర రాగానే ఫోన్లు లోపలికి. అప్పుడు నాకు అర్థం కాలేదు, ఇంటికి పోయి నాలుగు రోజులు దిమ్మెక్కి కూర్చున్నాక తెలిసింది. పిట్టలదొర కోస్తున్నాడని ఆయనకు తెలుసు, మనకూ తెలుసు, ఆ ఒప్పందం మీదే నవ్వు పుడుతుంది. ఆఫీసులో వాడు కోయడం లేదు. 'కుర్చీ వారు తిరస్కరించినారు' అని రాసే అమ్మాయి అది నిజమని రాస్తోంది. రెండింటినీ ఒకే స్టేజీ మీద పెడితే దొర గెలుస్తాడు, ఆఫీసు చప్పబడుతుంది. పైగా దొరను చూసి మిగతావాళ్లు కూడా గొంతులు మార్చారు. సూపరింటెండెంటు వేసిన మాస్టారు కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, మెడ సాగదీసి, 'కు...ర్చీ వా...రు' అని సాగదీయడం. జనం నవ్వారు. నవ్వేసరికి ఇంకా సాగదీశాడు. తప్పు ఆయనది కాదు, ఆపాల్సిన డైరెక్టర్ని నేనే, పక్కనుంచి మురిసిపోతూ ఉన్నా.

ఇక ముగింపు. మొదటి స్క్రిప్ట్‌లో అవ్వ విసిగిపోయి, కొంగు బిగించి, తువ్వాల లాగి నేలకేసి కొట్టి, 'కుర్సి మాది, కాయిదం మాది, మీరెవరు రా?' అని అరుస్తుంది. లైటు ఎర్రగా మారుతుంది. డప్పు. హాలంతా లేచి చప్పట్లు. నాటక పరిషత్తు పోటీల్లో పదేళ్లు ఆడినవాడి చేతికి ఇలాంటివి దానంతటవే వస్తాయి, జడ్జీల టేబుల్ ఎదురుగా లేకపోయినా ఉన్నట్టే రాస్తాం.

బయటికి వస్తుంటే ఒకాయన చెయ్యి పట్టుకుని 'మస్తు కామెడీ చేసిండ్రు అన్నా' అన్నాడు. ఆయన ఉద్యోగే, ఆయనా ఆ సాయంత్రం తన ఆఫీసు నుంచే వచ్చాడు, మళ్లీ తెల్లారి అక్కడికే పోతాడు. ఆయనకు ఎక్కడా గుచ్చుకోలేదు.

హాల్లో ఒక్కరే నవ్వలేదు. మా టీచర్ వాళ్ల మేనమామ, రెవెన్యూలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. టీ తాగుతూ ఒక్క మాట అన్నాడు.

'మీ ఆఫీసుల ఎవరికీ భయం లేదేంది?'

భయం

ఆ మాట అన్నందుకు ఆయన్ను రిహార్సల్‌కు పిలిచాం. వద్దంటూనే వచ్చాడు, వచ్చాక రోజూ వచ్చాడు. సారు మాకు నేర్పింది నటన కాదు. ఫైలు ఎలా పట్టుకుంటారో నేర్పాడు. ఫైల్లో రెండు భాగాలుంటాయి, ఒకవైపు వచ్చిన కాగితాలు, ఇంకోవైపు నోటు. వచ్చిన కాగితం ఎవరినీ ఏమీ చేయలేదు, మనిషిని పట్టించేది నోటు. అందుకే నోటు రాసేవాడు 'నా అభిప్రాయం' అని ఎన్నడూ రాయడు. 'ఆదేశములకై సమర్పించడమైనది' అంటాడు. ఎవరు సమర్పించారు? తెలీదు. సమర్పించడమైంది, అంతే. ఆ క్రియకు కర్త ఉండడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆడిట్ వచ్చినా ఆ వాక్యంలో మనిషి దొరకడు.

'ఫైలు నా టేబుల్ మీద ఉండొద్దు' అన్నది ఒక్కటే సూత్రం అన్నాడు సారు. పెండెన్సీ స్టేట్‌మెంట్, అంటే తేలకుండా ఉన్న ఫైళ్ల లెక్క, నెలనెలా పోతుంది. ఎవరి టేబుల్ మీద ఎన్ని ఉన్నాయని అడుగుతారు తప్ప ఎన్ని తేలాయని కాదు. రిటైర్మెంట్‌కు ఆరు నెలలు ముందు ఒక మెమో తగిలితే పెన్షన్ కాగితాలు ఆగుతాయి. ఆ మనిషి ఫైలును ఎక్కడికైనా పంపుతాడు. కుర్చీకి కూడా పంపుతాడు.

ఇక్కడే నాటకం తిరిగింది. మొదటి స్క్రిప్ట్‌లో వాళ్లు కుర్చీకి ఫైలు పెట్టింది పిచ్చివాళ్లు కాబట్టి. కొత్తదాంట్లో పెట్టేది తెలివైనవాళ్లు కాబట్టి. ఒక్కొక్కరు వేసే ఒక్కో అడుగు చూస్తే తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. స్టేట్‌మెంట్ పంపే రోజు సాయంత్రం టేబుల్ మీద ఫైలు కనబడకూడదని కుర్చీలో పెట్టాడు. న్యాయమే కదా. పొద్దున కింద పడి ఉన్నదాన్ని అటెండరు తీసి టేబుల్ మీద పెడితే, నా టేబుల్ మీదికి ఎట్లొచ్చిందని ఆయన వణికాడు. వచ్చినదానికి కారణం రాయాలి. పైనుంచి తిరిగొచ్చిందని రాయాలి. కుర్చీ పైదే కదా? పైదే. అబద్ధం రాయలేదు మరి. అలా 'తిరిగి వచ్చినది' అని మొదలై, మూడో ఫైలుకు 'తిరస్కరించబడినది', తొమ్మిదో ఫైలుకు 'కుర్చీ వారు తిరస్కరించినారు'. మొదటి స్క్రిప్ట్‌లో రెండు నిమిషాల్లో తేల్చిన ఈ జారుడు కొత్తదాంట్లో పద్నాలుగు నిమిషాలు పడుతుంది. జనం నవ్వడం ఎక్కడ మొదలుపెడతారో నేను లెక్కపెట్టేవాణ్ని. మొదటి ఆరు నిమిషాలు ఎవరూ నవ్వరు, ఆఫీసులో పనిచేసేవాళ్లయితే ఇంకాసేపు నవ్వరు. ఆ నిశ్శబ్దం భరించడం డైరెక్టర్‌కు చాలా కష్టం, గోళ్లు కొరుక్కోవాల్సిందే.

నటులకు ఇచ్చింది ఒకే సూచన: నువ్వు చేసేది జోకని నీకు తెలియదు. కళ్లజోడు మాస్టారు వారం రోజులు తిప్పలు పడ్డాడు. సాగదీసే అలవాటు పోలేదు. చివరికి సారు ఒక చిట్కా చెప్పాడు. ఆయన చేతికి నిజంగా ఒక లెక్కల రిజిస్టర్ ఇచ్చి, డైలాగ్ చెబుతూ ఆ కాలమ్ కూడమన్నాడు. కూడిక తప్పితే మళ్లీ మొదటి నుంచి. మనసు కూడిక మీద ఉంటే గొంతు సాగదు. 'కుర్చీ వారు తిరస్కరించినారు, నలభై ఏడు, కింద సంతకం పెట్టు, యాభై మూడు' అని మామూలుగా వచ్చేసింది. ఆ అంకెలు అలాగే ఉంచేశాం.

పిట్టలదొరను తీసేశాం. కండక్టర్ అన్న అలిగాడు, రెండు రిహార్సల్స్ రాలేదు. ఆయన్నే అటెండరును చేశాక తగ్గాడు. దొర నుంచి ఒక్కటి మాత్రం మిగుల్చుకున్నాం, ఆ లెక్కల నిక్కచ్చితనం. కోతలు కోసేవాడు ఎప్పుడూ సుమారుగా చెప్పడు చూడండి, అంకెతో సహా చెబుతాడు. మా అటెండరు కూడా అంతే, 'విరాసత్‌కు మూడు మీద పెడితే నిలుస్తది, నాలుగైతే ఎగురుతది, రెండున్నర మన రెగ్యులేటర్ల లేదు' అంటాడు, నవ్వకుండా.

భూమి రికార్డుల పోర్టల్ పేర్లు కూడా తీసేశాం. మొదట్లో ధరణి మీద నాలుగు డైలాగులుండేవి. 2020లో ఊళ్లలో రెవెన్యూ పని చూసే వీఆర్వోల వ్యవస్థ ఎత్తేసి ధరణి తెచ్చారు, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది, మేం రిహార్సల్ చేస్తుండగానే డైలాగులు పాతబడ్డాయి. పైగా పేరు చెబితే జనం నాటకం వదిలి ఏ పార్టీ వాళ్లని చూస్తారు. కుర్చీకి ఆ బాధ లేదు.

పల్లెలో, గాలి పెట్టిన పరీక్ష

ఫైలు పడడం నిలవడం మా చేతుల్లో ఉండాలి. ఫ్యాను నిజంగా తిరుగుతుంది, కానీ దాన్ని నమ్ముకుంటే నాటకం అయిపోతుంది. అట్ట కింద సన్నటి రేకు అంటించి బరువు చేశాం, ట్యాగుకు గాలం దారం కట్టి కుర్చీ సందులోంచి స్టేజీ పక్కన పరదా చాటుకు, వింగ్‌లోకి తీశాం. మీసేవ తమ్ముడు పరదా వెనక కూర్చుని సమయానికి లాగుతాడు. హాల్లో గడియారంలా పనిచేసింది.

పల్లెలో స్టేజీ బయట. పంచాయతీ ఆఫీసు ముందు నాలుగు ట్రాక్టర్ ట్రాలీలు జతచేసి పైన పలకలు పరిచారు. చలికాలం మొదలు, పొద్దుగూకాక గుట్టల వైపు నుంచి గాలి లేచింది. అవ్వ ఫైలు పెట్టీ పెట్టగానే, ఇంకా ఫ్యాను వేయకముందే, రేకుతో సహా లేచి స్టేజీ దిగి ముందు వరసలో కూర్చున్న పిల్లల ఒళ్లో పడింది. కండక్టర్ అన్న క్షణం కూడా తడబడలేదు, వంగి చూసి, సూపరింటెండెంటు వైపు తిరిగి, 'జిల్లా ఆఫీసుకు పోయినట్టుంది సార్' అన్నాడు. పిల్లలు ఫైలు తిరిగి ఇచ్చారు. మళ్లీ పెట్టారు, మళ్లీ ఎగిరింది. అప్పుడు ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒక ముసలామె, నిజం ముసలామె, మా నాటకంలో మనిషి కాదు, విసుక్కుంది.

'ఓ రాయన్న పెట్టుండ్రి దాని మీద!'

నేను వింగ్‌లో ఉన్నా. ఒళ్లు ఝల్లుమంది. నలభై రోజులు ముగింపు కోసం వెతుకుతున్నాం, చాప మీది నుంచి వచ్చి పడింది.

కాసేపటికి కరెంటు పోయింది. మైకులు, లైట్లు, ఫ్యాను మూడూ బంద్. ఎవరో రెండు బైకుల హెడ్‌లైట్లు స్టేజీ మీదికి తిప్పారు. చీకట్లో అటెండరు ఏం చేయాలి? కండక్టర్ అన్న కుర్చీ మీది తువ్వాల తీశాడు. జనంలో ఎవరో 'అయ్యో' అన్నారు, కుర్చీ బోసిగా కనబడింది మరి. తీసి, రెండు చేతులా అంచులు పట్టుకుని, ఫైలు మీద వింజామర వీచినట్టు విసరడం మొదలుపెట్టాడు. మెల్లగా, భక్తితో. 'కరెంటు లేకున్నా సర్కారు పని ఆగొద్దు' అన్నాడు సూపరింటెండెంటు, అంకె కలపకుండా. రెండు హెడ్‌లైట్ల వెలుగులో ఆ తెల్ల తువ్వాల పైకి కిందికి ఊగుతుంటే దాని నీడ పంచాయతీ గోడ మీద మనిషంత పడింది. ఎవరూ నవ్వలేదు. ఎందుకో భయమేసింది నాకు. తర్వాత వేసిన ప్రతిసారీ కరెంటు మేమే తీసేస్తున్నాం.

ఆ రాత్రి ముగింపు పాతదే వేశాం, తువ్వాల నేలకేసి కొట్టడం. చప్పట్లు సగం కూడా రాలేదు. తువ్వాలను అంతసేపు అలా చూశాక అవ్వ దాన్ని విసిరికొట్టడం జనం నమ్మలేదు. వాళ్లలో ఎవరూ ఎప్పుడూ విసిరికొట్టి ఉండరు.

రాయి

కొత్త ముగింపు ఇలా రాసుకున్నాం. అవ్వ ఒక రాయి తెచ్చి ఫైలు మీద పెడుతుంది. నిలుస్తుంది. నోటు రాస్తారు, ఆమోదం. తెల్లారేసరికి లైన్లో అందరి చేతుల్లోనూ రాళ్లు. నల్లగొండకు ఆ పేరే నల్లటి కొండ మీద వచ్చింది, రాళ్లకు కరువేముంది. రాళ్ల బరువు మీద సర్క్యులర్ వస్తుంది. చిన్న రైతుకు ఇంత, పెద్ద రైతుకు ఇంత. తూకం వేయడానికి ఒక కౌంటర్. కొత్త ఆఫీసరు కూడా ఒక కంకర రాయితో వస్తాడు, నిర్ణీత బరువు లేదని పంపేస్తారు.

ఇంతవరకు బాగుంది కానీ ఇది ఒక జోకును పొడిగించడమే కదా అన్నాడు సారు. ఏ రాయి తెచ్చింది అవ్వ, ఎక్కడిది అని అడిగాడు. చేల్లోంచి తెచ్చింది అన్నా. చేల్లో ఏ రాయి అన్నాడు. అప్పుడు వెలిగింది. హద్దురాయి. ఆమె దగ్గర గట్టిగా నిలిచే రాయి అదొక్కటే. హద్దురాయి పీకడం నేరం. పైగా హద్దురాయి ఎక్కడుంటే భూమి అక్కడినుంచి కొలవాలి. ఫైలు పాసైంది, రాయి కుర్చీలో ఉంది, కాబట్టి అవ్వ భూమి కుర్చీలో ఉంది.

సర్వేయరు గొలుసు పట్టుకుని వస్తాడు. గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు, నలభై గుంటలు ఎకరం, రెండెకరాల పది గుంటలంటే 90 గుంటలు. మా స్టేజీ ముప్పై అడుగుల వెడల్పు, ఇరవై లోతు, మొత్తం కలిపినా గుంట కాదు. ఆయన కుర్చీ చుట్టూ గొలుసు తిప్పుతూ పోతాడు, ఒక్కో చుట్టూ లెక్కేస్తూ, తొంభై దాకా. నిజంగా తొంభై తిప్పితే జనం లేచిపోతారు, ముప్పై ఆరు దగ్గర లైటు తగ్గించి ఎనభై తొమ్మిది దగ్గర పెంచుతాం. 'సరిపోయింది' అంటాడు. కొత్త ఆఫీసరు ఇక ఆ కుర్చీలో కూర్చోవాలంటే అవ్వ దగ్గర కౌలుకు తీసుకోవాలి. ఆయన కౌలు అర్జీ రాసుకుని అవ్వ ముందు నిలబడతాడు. అవ్వకు చదువు రాదు. ఆ కాగితం తీసుకుని, ఏం చేయాలో తెలియక, చుట్టూ చూసి, కుర్చీలో పెడుతుంది. అటెండరు రెగ్యులేటర్ దగ్గరికి నడుస్తాడు. లైట్లు ఆరిపోతాయి.

అవ్వ గెలిచిందా అని అడుగుతారు. ఆమె భూమి ఇప్పుడు ఆఫీసు లోపల ఉంది, రాత్రి ఎనిమిదికి ఆఫీసుకు తాళం వేస్తారు. మిగతాది మీరే ఆలోచించండి.

రాయి తయారుచేయడం దగ్గర మాత్రం నవ్వులపాలయ్యాం. మొదట థర్మాకోల్‌తో చేసి రంగేశాం, ఎంత బాగా కుదిరిందంటే ముట్టుకుంటే గానీ తెలియదు. రిహార్సల్‌లో ఫైలు మీద పెట్టి ఫ్యాను వేస్తే ఫైలు నిలబడింది, రాయి ఎగిరిపోయింది. ఇసుక మూట మీద గుడ్డ చుట్టి పేపర్ అంటించాం. బరువు సరే, పెట్టినప్పుడు చప్పుడు రాలేదు, తలగడ పెట్టినట్టుంది. అవ్వ వేసే డిగ్రీ అమ్మాయి అప్పటికి నడుము వంచి బరువు మోస్తున్నట్టు నటిస్తోంది, కానీ చేతుల్లో నరాలు నటించవు కదా. చివరికి నిజం రాయే తెచ్చాం, పొలం గట్టు మీది నాపరాయి ముక్క, పన్నెండు కిలోలు. కుర్చీ సీటు కింద చెక్క బిగించాం. ఆ పిల్ల దాన్ని కడుపుకు ఆనించుకుని స్టేజీ అంచు నుంచి కుర్చీ దాకా పదకొండు అడుగులు వేస్తుంది. దించినప్పుడు వచ్చే ధబ్‌మన్న చప్పుడు మైకు లేకుండానే చివరి వరసకు వినబడుతుంది. ఆ నడకకు డైలాగ్ రాసుంటే దండగయ్యేది. రాశాను కూడా, తీసేశాం.

మహబూబ్‌నగర్‌లో ఇదే వేశాం. హాల్లో సగం మంది ఉద్యోగులు. కుర్చీ వారు మొదటిసారి తిరస్కరించినప్పుడు ఒక మూల నుంచి చిన్న నవ్వు, వెంటనే ఆగిపోయింది. గొలుసు చుట్టేటప్పుడు కొందరు అంకెలు తామూ లెక్కపెట్టడం వినబడింది. అయిపోయాక చప్పట్లకు కాస్త ఆలస్యమైంది, అయిపోయిందో లేదో తెలియక. ఒకావిడ, ఏదో ఆఫీసులో జూనియర్ అసిస్టెంటట, స్టేజీ మీదికి వచ్చి మా నోటు ఫైలు తెరిచి చదివింది. 'సమర్పించడమైనది కింద తేదీ వెయ్యలేదు మీరు' అని చెప్పి పెన్ను అడిగింది. ఇచ్చాను. ఆ రోజు తేదీ వేసి, పొట్టి సంతకం కూడా పెట్టబోయి ఆగి, నా మొహం చూసి, ఫైలు మూసి వెళ్లిపోయింది.

ఇంకా సరికానివి ఉన్నాయి. నోటు రాసే అసిస్టెంటమ్మ పాత్ర నాకు ఇప్పటికీ చప్పగా ఉంది, భయం ఉంది కానీ ఆమెకంటూ ఒక ఇల్లు లేదు, ఐదింటికి ఎక్కడికి పోతుందో నాకే తెలియదు. మధ్యలో సర్క్యులర్ చదివే భాగం మూడు నిమిషాలు ఎక్కువ. పల్లెలో ఆడేటప్పుడు గాలం దారం పనికిరాదు, గాలినే నమ్ముకోవాలి, దానికి తగ్గట్టు కండక్టర్ అన్నకు రెండు దారులు నేర్పాలి.

మహబూబ్‌నగర్ నుంచి సామాను ట్రాలీ ఆటోలో వేసుకుని రాత్రి పదకొండింటికి బయల్దేరాం. ఆటో అన్న పరదాలు, ఫ్యాను, రాయి, డప్పుల సంచి అన్నీ ఒకదాని మీద ఒకటి కుక్కాడు, చోటు సరిపోక రెండు సూట్‌కేసులు మా కాళ్ల మీద పెట్టాడు. కుర్చీ మాత్రం మధ్యలో నిటారుగా నిలబెట్టి, తాడుతో కట్టి, ఖాళీగా వదిలేశాడు. 'దాంట్ల పెట్టరాదే ఆ సూట్‌కేసులు' అన్నా.

'తువ్వాల ఉంది కద సార్' అన్నాడు.